తక్కువ ధరలో బుల్‌పప్ ఎయిర్ రైఫిల్ ఎంచుకోవడం ఎలా

బుల్‌పప్ అంటే రైఫిల్‌ను పొట్టిగా చేసే అమరిక. ఇందులో ట్రిగర్ ముందుకు జరుగుతుంది. బోల్ట్, హామర్ (వాల్వును కొట్టే సుత్తి), వాల్వు (గాలిని వదిలే కవాటం), బ్యారెల్ వెనక కొస అన్నీ వెనక్కి వెళ్ళి మీ చెంప కిందికి చేరతాయి. అందుకే 53 సెంటీమీటర్ల బ్యారెల్ ఉన్న రైఫిల్ కూడా మొత్తం 74 సెంటీమీటర్లకే సరిపోతుంది. పొడుగు బ్యారెల్‌లో గాలికి పెల్లెట్‌ను నెట్టడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది, తక్కువ గాలితోనే ఎక్కువ పని జరుగుతుంది. ఇదంతా లాభమే. కానీ ఈ అమరిక వల్ల వచ్చే ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఖరీదైన తుపాకుల్లో వాటిని సరిదిద్దుతారు, చవక తుపాకుల్లో చాలావరకు అలాగే వదిలేస్తారు. ఎంపిక అంటే ఏ ఇబ్బందితో మీరు సర్దుకోగలరో తేల్చుకోవడమే.

అమెరికాలో చవక బుల్‌పప్ అంటే సుమారు 350 నుంచి 650 డాలర్ల మధ్యది. ఆ ధరలో ఎక్కువగా కనిపించేవి క్రాల్ పంచర్ బ్రేకర్, హాట్సన్ బుల్‌బాస్, హాట్సన్ ఫ్లాష్‌పప్, ఎయిర్ వెంచురీ వారి అవెంజర్ బుల్‌పప్, బెంజమిన్ అకేలా. వీటి ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది వేగం. దాన్ని చూసి ఎంచుకోకండి. ఈ ధరలో .22 క్యాలిబర్ (అంగుళాల్లో బోరు వెడల్పు) తుపాకులు దాదాపు అన్నీ మీ అవసరానికి చాలినంత బలంగానే కొడతాయి. తేడా తెలిసేది మూడు చోట్ల: ట్రిగర్, చెంప, గాలి.

మొదటి పని: మీ ఊరి చట్టం, మీ పెరడు

అమెరికా ఫెడరల్ చట్టం ఎయిర్ రైఫిల్‌ను ఫైర్‌ఆర్మ్‌గా లెక్కించదు. రాష్ట్రాల సంగతి వేరు. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఇదే: న్యూజెర్సీలో ఎయిర్ గన్ కూడా ఫైర్‌ఆర్మే. కొనాలంటే ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడెంటిఫికేషన్ కార్డు ఉండాలి. ఇల్లినాయ్‌లో క్యాలిబర్ .18 దాటి, వేగం కూడా 700 ఎఫ్‌పీఎస్‌కు (సెకనుకు అడుగులు) చేరితే అది ఫైర్‌ఆర్మ్ కిందికి వస్తుంది, ఫోయిడ్ కార్డు (తుపాకి యజమానికి రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) కావాలి. ఈ రకం .22, .25 పీసీపీలు (సిలిండర్‌లో ముందే నింపిన గాలితో కాల్చే తుపాకులు) దాదాపు అన్నీ ఆ గీత దాటేవే. రాష్ట్రం ఒప్పుకున్నా, నగర హద్దుల్లో కాల్చకూడదని మీ సిటీ ఆర్డినెన్స్‌లో ఉండవచ్చు. ఆర్డరు పెట్టేముందు ఆ పేజీ చదవండి.

బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకు హద్దు 12 ఫుట్-పౌండ్లు (పెల్లెట్ శక్తికి కొలత). అది దాటితే ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ కావాలి. స్కాట్లండ్‌లో 2016 డిసెంబర్ 31 నుంచి తక్కువ బలం ఉన్న ఎయిర్ రైఫిల్‌కు కూడా లైసెన్సు తప్పనిసరి.

ఇండియా సంగతి చాలామంది అడుగుతారు. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేని ఎయిర్ రైఫిల్ అంటే 4.5 మి.మీ. దాటని బోరు, 20 జౌళ్ళు దాటని శక్తి. అంటే .22, .25 బుల్‌పప్‌లు ఆ గీత బయటే ఉన్నాయి. అమెరికాలో కొన్న .22ను సెలవుల్లో ఊరికి తీసుకెళదామన్న ఆలోచన మానుకోండి. .177 అయినా లెక్క చూసుకోవాలి. పెల్లెట్ బరువును (గ్రెయిన్లు అనే చిన్న కొలతలో) వేగం వర్గంతో (ఎఫ్‌పీఎస్‌లో) గుణించి 450240తో భాగిస్తే ఫుట్-పౌండ్లు వస్తాయి, దాన్ని 1.356తో గుణిస్తే జౌళ్ళు. 8.44 గ్రెయిన్ల పెల్లెట్ సుమారు 887 ఎఫ్‌పీఎస్ దగ్గర 20 జౌళ్ళు అందుకుంటుంది. 10.34 గ్రెయిన్లదైతే 801 దగ్గరే. పీసీపీలో బరువు పెల్లెట్ వేస్తే శక్తి పెరుగుతుంది కాబట్టి, తేలిక పెల్లెట్‌తో గీత లోపల ఉన్న తుపాకి బరువు పెల్లెట్‌తో గీత దాటవచ్చు. ఇక పిట్టల మీద గురిపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

రెండో పని: క్యాలిబర్

కాగితం మీద, డబ్బాల మీద 25–30 మీటర్ల లోపు కాల్చేవారికి .177 చాలు. పెల్లెట్లు చవక, గాలి తక్కువ ఖర్చు. ఉడతలు, ఎలుకల లాంటివాటి బెడద ఉండి, మీ రాష్ట్రంలో వాటిని కొట్టడానికి అనుమతి ఉంటే .22 సరైనది. 18.13 గ్రెయిన్ల పెల్లెట్ 880 ఎఫ్‌పీఎస్‌తో వెళితే 31 ఫుట్-పౌండ్లు. .25 అంతకంటే బలంగా కొడుతుంది, కానీ ఒక ఫిల్లుకు (ఒకసారి గాలి నింపితే) వచ్చే షాట్లు బాగా తగ్గుతాయి, పెల్లెట్ల డబ్బా ఖర్చు పెరుగుతుంది. చేతిపంపుతో గాలి కొట్టేవారికి .25 కొనమని చెప్పలేం. బెంజమిన్ బుల్‌డాగ్ .357 కూడా బుల్‌పప్పే, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అది వేట కోసం చేసిన పెద్ద బోరు తుపాకి, పెరటిది కాదు.

ఏ క్యాలిబర్ అయినా 850–930 ఎఫ్‌పీఎస్ మధ్య ఉంచండి. పెల్లెట్ ధ్వని వేగానికి (సుమారు 1100) దగ్గరపడే కొద్దీ తడబడుతుంది, గ్రూపు (ఒకేచోట కాల్చిన షాట్ల గుంపు) విడిపోతుంది. డబ్బా మీద "1000+" అని రాసి ఉంటే అది బాగా తేలిక పెల్లెట్‌తో కొలిచిందని అర్థం.

మూడో పని: గాలి ఎక్కడి నుంచి వస్తుందో ముందే తేల్చుకోండి

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. రైఫిల్‌కు 450 డాలర్లు పెట్టాక గాలికి మరో 300 కావాలని తర్వాత తెలుస్తుంది.

లెక్క చేద్దాం. బుల్‌బాస్ సిలిండర్ 255 సీసీ. 100 బార్ (బార్ అంటే గాలి పీడనం కొలత) నుంచి 200 బార్‌కు తేవాలంటే 255 సీసీని 100 సార్లు నింపినంత మామూలు గాలి, అంటే 25 లీటర్ల పైచిలుకు, అందులోకి కుక్కాలి. చేతిపంపు ఒక స్ట్రోక్‌కు ఇచ్చేది సుమారు పావు లీటరు. అంటే నష్టాలు పోను వందకు పైగా స్ట్రోకులు. 150 బార్ దాటాక ప్రతి స్ట్రోక్‌కూ ఒంటి బరువు మొత్తం హ్యాండిల్ మీద వేయాలి. 50 స్ట్రోకులకు ఒకసారి ఐదు నిమిషాలు ఆపి, బ్లీడ్ స్క్రూ వదిలి తేమ బయటికి పోనివ్వకపోతే పంపు వేడెక్కి ఓ-రింగులు పోతాయి, నీటి ఆవిరి సిలిండర్‌లోకి చేరి లోపల తుప్పు పడుతుంది.

కాబట్టి చేతిపంపు మీదే ఆధారపడేవారు 200 బార్ దగ్గర ఆగే తుపాకిని చూసుకోవాలి. బుల్‌బాస్, బ్రేకర్ ఆ కోవవే. అకేలా 3000 పీఎస్ఐ, అంటే సుమారు 207 బార్. అవెంజర్ బుల్‌పప్ 300 బార్ వరకు పడుతుంది. చేతిపంపుతో అక్కడిదాకా వెళ్ళడం వట్టి ఆయాసం. దానికి 12 వోల్టుల చిన్న కంప్రెసర్ గానీ, 300 బార్ కార్బన్ ఫైబర్ సిలిండర్ గానీ సరైన జోడీ. డైవింగ్ షాపు దగ్గర్లో ఉంటే స్కూబా ట్యాంకు కూడా మంచిదే. అయిదేళ్ళకోసారి చేసే హైడ్రో పరీక్ష తేదీ ట్యాంకు మెడ మీద చెక్కి ఉంటుంది, కొనేముందు చూడండి.

ఆక్సిజన్ సిలిండర్ ఎప్పటికీ వాడవద్దు. అధిక పీడనంలో ఆక్సిజన్‌కు నూనె, రబ్బరు తగిలితే పేలుతుంది. అదే కారణంగా ఫిల్ పోర్టులోకి మామూలు మెషిన్ ఆయిల్, డబ్ల్యూడీ-40 వెళ్ళకూడదు. సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ ఓ-రింగు తడి అయ్యేంత.

రెగ్యులేటర్ కావాలా?

రెగ్యులేటర్ లేని తుపాకిలో సిలిండర్ పీడనం నేరుగా వాల్వు మీద పడుతుంది. నిండుగా ఉన్నప్పుడు ఆ ఒత్తిడికి వాల్వు సరిగ్గా తెరుచుకోదు, మొదటి షాట్లు నెమ్మదిగా వెళ్తాయి. తర్వాత వేగం పెరుగుతుంది, చివర్లో గాలి చాలక మళ్ళీ పడిపోతుంది. కాగితం మీద గీస్తే కొండలా ఉంటుంది. ఆ కొండ శిఖరం చుట్టూ ఉన్న షాట్లే మీకు పనికొచ్చేవి. క్రోనోగ్రాఫ్‌తో (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) ఒకసారి కొలిచి "ఈ తుపాకి 185 బార్ దగ్గర మొదలుపెట్టి 120 దగ్గర ఆపాలి" లాంటి అంకె తెలుసుకుంటే, రెగ్యులేటర్ లేకపోవడం పెద్ద లోటు కాదు. 200 దాకా నింపే శ్రమ కూడా తగ్గుతుంది.

రెగ్యులేటర్ వాల్వుకు వెళ్ళే పీడనాన్ని ఒకే అంకె (సెట్‌పాయింట్) దగ్గర నిలుపుతుంది. అది ఉంటే సిలిండర్ పీడనం ఆ సెట్‌పాయింట్‌కు దిగేదాకా అన్ని షాట్లూ ఒకే వేగంతో వెళ్తాయి. అవెంజర్‌కు ఇదే పెద్ద బలం: రెగ్యులేటర్, హామర్ స్ప్రింగ్ రెండూ బయటి నుంచే సర్దుకోవచ్చు. కానీ ఇది చెడిపోయే భాగం కూడా. రాత్రంతా పక్కన పెట్టి తెల్లారి కాలిస్తే మొదటి షాట్ మిగతావాటికంటే 30–40 ఎఫ్‌పీఎస్ తేడాగా వెళ్ళిందంటే రెగ్యులేటర్ పాకుతున్నట్టు. అంటే లోపలి సీటు సరిగ్గా మూసుకోక పీడనం మెల్లగా పెరుగుతోంది. రెండు గేజులు ఉన్న తుపాకిలో ఇది కంటికే కనిపిస్తుంది, రెగ్యులేటర్ గేజు ముల్లు గంటగంటకూ పైకి జరుగుతుంది. ఇంకో మాట, రెగ్యులేటర్‌ను తగ్గించాలంటే ముందు లోపలి గాలి ఖాళీ చేయాలి. గాలి ఉండగా బలవంతంగా తిప్పితే సీటు దెబ్బతింటుంది.

నాలుగో పని: ట్రిగర్

బుల్‌పప్‌ల బలహీనత ఇదే. మీ వేలు ముందుంది, సియర్ (హామర్‌ను పట్టి ఉంచే కొక్కెం) వెనక ఉంది. మధ్యలో ఒక పొడుగు కడ్డీ. ఆ కడ్డీ పలచటి రేకుతో చేసినదైతే మీరు నొక్కినప్పుడు ముందు అది వంగుతుంది, తర్వాత సియర్ కదులుతుంది. వేలికి బురదలోంచి కాలు లాగినట్టు ఉంటుంది.

షాపులో గానీ, ఆర్డరు వచ్చిన రోజు గానీ ఇలా చూడండి. మేగజైన్ తీసేయండి. బ్యారెల్‌లో పెల్లెట్ లేదని రూఢి చేసుకోండి. మొన సురక్షితమైన అడ్డు వైపు పెట్టి, సిలిండర్‌లో గాలి ఉండగా కాక్ చేయండి (లీవరు లాగి హామర్‌ను సిద్ధం చేయండి). కళ్ళు మూసుకుని ట్రిగర్‌ను చాలా నెమ్మదిగా నొక్కండి. మొదటి దశ వదులుగా కదలాలి, తర్వాత ఒక గోడ తగలాలి, ఆ గోడ దగ్గర ఆగి కొంచెం ఒత్తగానే విడిపోవాలి. పదిసార్లు చేయండి. గోడ ఒక్కోసారి ఒక్కోచోట తగిలితే ఆ తుపాకితో చిన్న గ్రూపు రాదు. కడ్డీ స్టాక్‌కు రాసుకుంటూ గరగరమంటే మాత్రం భయపడనక్కర్లేదు, రాసుకునే చోట సన్నగా మాలీ గ్రీజు పూస్తే చాలావరకు పోతుంది.

ట్రిగర్ స్క్రూలతో బరువు మరీ తగ్గించకండి. సియర్ అంచు మీద వేలాడుతూ ఉండిపోతుంది. సర్దిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి: పెల్లెట్ లేకుండా కాక్ చేసి, సేఫ్టీ తీసి, మొన అడ్డు వైపే ఉంచి, స్టాక్ వెనక రబ్బరు సుత్తితో తట్టండి. పేలిందంటే స్క్రూ వెనక్కి తిప్పాల్సిందే.

ఐదో పని: చెంప

చెంప కింద ఉన్నది లోహం, స్ప్రింగు, పీడనం. కాల్చినప్పుడు హామర్ స్ప్రింగు మోత నేరుగా ఎముకకు తగులుతుంది. పక్కవాళ్ళకు వినిపించనంత నెమ్మదైన తుపాకి కూడా కాల్చేవాడికి ఠంగుమంటుంది.

కాక్ చేసే లీవరు ఎక్కడుందో చూడండి. బ్రేకర్ లాంటివాటిలో అది వెనక, కుడివైపు, చెవి దగ్గర ఉంటుంది. కాక్ చేయాలంటే ప్రతిసారీ ముఖం ఎత్తాలి. ఎడమచేతివాటం వారికి లీవరు చెంపకే తగులుతుంది. మీరు ఎడమచేతివాటమైతే ముందు దీన్ని తేల్చుకున్నాకే మిగతా లక్షణాలు చూడండి.

తర్వాత ఎత్తు. బుల్‌పప్ స్టాక్ నిటారుగా ఉంటుంది కాబట్టి స్కోపు పైకి లేస్తుంది. మామూలు రైఫిల్‌లో బ్యారెల్ మధ్యగీత నుంచి స్కోపు మధ్యగీతకు 40 మి.మీ. ఉంటే, ఇక్కడ 75 దాకా రావచ్చు. దీని ఫలితం దగ్గర్లో తెలుస్తుంది. రెండు తుపాకులూ 30 మీటర్లకు జీరో చేసి (గురిపెట్టినచోటే తగిలేలా స్కోపు సర్ది), 880 ఎఫ్‌పీఎస్‌తో 10 మీటర్ల దగ్గర కాలిస్తే, మొదటిది గురికి సుమారు 12 మి.మీ. కింద తగులుతుంది, రెండోది సుమారు 35 మి.మీ. కింద. తుపాకి తప్పు చేస్తోందని చాలామంది తికమకపడేది ఇందుకే. కొన్న వారంలోనే 10, 15, 20, 30, 40 మీటర్లకు ఎంత ఎత్తి పట్టాలో ఒక చీటీ మీద రాసి స్టాక్‌కు అంటించుకోండి. స్కోపు మీద ఒక బుడగ లెవెల్ పెట్టండి, ఎత్తు పెరిగేకొద్దీ తుపాకి పక్కకు ఒరిగితే దగ్గరి షాట్లు కూడా పక్కకు పోతాయి. స్కోపు పారలాక్స్ (ఏ దూరానికి స్పష్టంగా కుదురుతుందో ఆ సర్దుబాటు) 10 గజాల వరకు దిగేదై ఉండాలి. బందూకులకు చేసిన 100 గజాల స్కోపు ఇక్కడ మసకగా కనిపిస్తుంది.

ఇలా చూస్తే ఎవరికి ఏది? బుల్‌బాస్ 93 సెంటీమీటర్లు, 3.9 కిలోలు. బుల్‌పప్ అయినా పొట్టిది కాదు, తేలికది అంతకన్నా కాదు. కానీ చెంప పట్టీ ఎత్తు సర్దుకోవచ్చు, సిలిండర్ విప్పుకోవచ్చు. ఒకచోట కూర్చుని కాల్చేవారికి నప్పుతుంది. బ్రేకర్ నిజంగా పొట్టిది, మేగజైన్ .177లో 14, .22లో 12, .25లో 10 పెల్లెట్లు పడుతుంది, పక్కన బలం తగ్గించే చక్రం ఉంది. దాని వాల్‌నట్ స్టాక్ ముచ్చటైనది, కానీ చెంప ఎత్తు మీకు కుదిరితే కుదిరినట్టు, లేకపోతే లేదు. ఫ్లాష్‌పప్ తేలిక, భుజాన వేసుకుని తిరిగేవారికి. కంప్రెసర్ ఉండి, స్క్రూలు తిప్పి సర్దుకునే ఓపిక ఉన్నవారికి అవెంజర్‌కు మించినది ఈ ధరలో చెప్పడం కష్టం. ఓపిక లేనివారు అదే అవెంజర్‌ను తిప్పి తిప్పి పాడుచేసుకుంటారు.

ఆరో పని: డబ్బా తెరిచిన మొదటి మూడు రోజులు

వాపసు గడువు లోపలే ఇవన్నీ చేయాలి.

1. ముందు 100 బార్ వరకే, మెల్లగా నింపండి. ఫిల్ పోర్టు, గేజు, సిలిండర్ అతుకుల దగ్గర సబ్బునీళ్ళు కుంచెతో రాయండి. బుడగ లేస్తే అక్కడ లీకు. బాగుంటే పూర్తిగా నింపండి.

2. గేజు ముల్లు ఉన్నచోట టేపు మీద గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే 200 బార్ సుమారు 193 చూపిస్తుంది, అది లీకు కాదు. మళ్ళీ అదే వేడికి వచ్చాక చూడండి. అప్పటికీ 10 బార్ తగ్గితే వాపసు పంపండి. సీలు పాతబడ్డాక కుదురుతుందన్న మాట నమ్మకండి.

3. బ్యారెల్ వెనక నుంచి పొడి బట్ట ముక్కలు లాగండి. ఫ్యాక్టరీ గ్రీజుతో మొదటి మూడు నాలుగు నల్లగా వస్తాయి. తెల్లగా వచ్చేదాకా లాగండి.

4. మేగజైన్‌లో పెల్లెట్లు నింపి చేతితో తిప్పి చూడండి. ప్రతి గూడూ బ్యారెల్‌కు సూటిగా ఆగాలి. లీవరు ముందుకు తోసేటప్పుడు గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయకండి, పెల్లెట్ తలకాయ నలిగి వంకరగా పోతుంది. లీవరు ఒకసారి ముందుకు వేశారంటే అది కాల్చాల్సిందే. మరచిపోయి రెండోసారి లాగితే బ్యారెల్‌లో రెండు పెల్లెట్లు చేరతాయి. చెంప కింద జరిగే పని కనిపించదు కాబట్టి బుల్‌పప్‌లో ఈ పొరపాటు ఎక్కువ.

5. నిండు ఫిల్లు నుంచి 30 షాట్లు క్రోనోగ్రాఫ్ మీదుగా కాల్చి, ప్రతి అంకె, గేజు రీడింగు రాయండి.

6. 25 మీటర్ల దగ్గర సంచి మీద ఆనించి, మూడు నాలుగు రకాల పెల్లెట్లతో ఐదేసి షాట్లు కాల్చండి. .22కి 15.89, 18.13 గ్రెయిన్లవి తప్పక చూడండి. రెండు దూరపు రంధ్రాల మధ్యలను కొలిస్తే 15–20 మి.మీ. లోపు ఉండాలి. ఏ పెల్లెట్‌తోనూ రాకపోతే మొన మూత విప్పి లోపల చూడండి. ఒకవైపే సీసం గీత కనిపిస్తే పెల్లెట్ ష్రౌడ్ (బ్యారెల్ మీది శబ్దం తగ్గించే గొట్టం) లోపలి అడ్డుకు తగులుతోంది. అది వారంటీ పని, మీరు డ్రిల్ పట్టకండి.

అడ్డుగా చెక్క పలక చాలదు, పెల్లెట్ వెనక్కి ఎగరవచ్చు. లోతైన డబ్బాలో రబ్బరు మల్చ్ గానీ డక్ట్ సీల్ (మెత్తటి పుట్టీ లాంటిది) ముద్ద గానీ నింపి, వెనక ఇనుప పలక పెట్టండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. పెల్లెట్లు సీసం కాబట్టి తినేముందు చేతులు సబ్బుతో కడగండి.

పాతది కొనేటట్టయితే గాలి ఉన్న తుపాకినే చూడండి. ఖాళీగా చూపించి "గాలి పోయింది, నింపుకుంటే సరి" అంటే ధరలోంచి ఒక రిపేరు ఖర్చు తీసేసి మాట్లాడండి. ఓ-రింగుల సెట్టు చవకే, విప్పి బిగించే చేతులే దొరకవు.

ఇంట్లో పెట్టేటప్పుడు సుమారు 100 బార్ గాలి ఉంచండి. పూర్తిగా ఖాళీ అయితే వాల్వు సీటు మీద ఒత్తిడి ఉండదు, తర్వాత నింపేటప్పుడు గాలి బ్యారెల్ గుండా బుస్సుమని పోతుంది. అలా జరిగితే తుపాకిని కాక్ చేసి ఉంచి, పెల్లెట్ లేదని చూసి, అప్పుడు నింపండి, వాల్వు మూసుకుంటుంది. డల్లాస్ ఎండలో కారు ట్రంకులో నిండు సిలిండర్‌తో వదిలేయకండి.